పాచిపండ్ల దాసరిని చేయుచున్నది ఎవరు?

"పాడిందే పాడరా పాచిపండ్ల దాసరీ" అని మన పెద్దలు ఎగతాళి చేసెడివారు. ఒక్క పాటనే పట్టుకొని ఇంటింటి ముంగిట తిరుగు దాసరి వారికి నవ్వు పుట్టించినాడు. నేడు మన సభలలో జరుగుచున్న దానిని చూచినచో ఆ సామెతను తిరగవేసి చెప్పవలసి వచ్చుచున్నది. దాసరి క్రొత్త పాట నేర్చుకొనియే వచ్చుచున్నాడు. అరుగుమీద కూర్చున్న మనమే "అది మాకు వద్దు, మునుపటిదే కానిమ్ము" అనుచున్నాము. పాడినదే పాడినచో విసుగుకొందుము. పాడనిది పాడినచో కోపగింతుము. ఈ రెంటి నడుమ విద్వాంసుడు ఎక్కడ నిలువవలెను?

మేము చెప్పదలచినది మొదటనే చెప్పివేయుదుము. తనకు పేరు తెచ్చిన బాణిని గాని, ప్రక్రియను గాని విడిచి వేరొక దారి త్రొక్కిన సంగీతవిద్వాంసుని ద్రోహిగా చూచుట అన్యాయము. ఈ అన్యాయమును తెలుగునాటి సభలకంటె ఎక్కువగా చేయుచున్నవి మనవంటి ప్రవాసాంధ్ర సంఘములు. సంఘము ప్రచురించు సంచికలోనే సంఘమును తప్పుపట్టుట ఏమి మర్యాద యని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఇంటి తప్పును ఇంటిలోనే చెప్పుకొనుట మర్యాద యని తలచి ఇక్కడ చెప్పుచున్నాము.

కొన్ని ఏండ్ల క్రిందట మేము కార్యవర్గమున ఉన్నప్పుడు ఉగాది ఉత్సవమునకు ఒక వైణికుని పిలిపించితిమి. వారి పేరు ఇక్కడ అప్రస్తుతము. కీర్తనలు రెండు వాయించిన పిదప వారు తాము స్వయముగా రచించిన కృతి నొకదానిని ఎత్తుకొనిరి. రాగము మాకు తెలియనిది. నడక మాకు అలవాటు లేనిది. పది నిమిషములు గడచునప్పటికి ముందువరుసలో కదలిక మొదలైనది. చీటీలు వచ్చినవి. అన్నిటిలోను ఒక్కటే కోరిక: వారికి పేరు తెచ్చిన సినిమాపాట. ఆ చీటీలను వేదికమీదికి తీసికొనిపోయినవారము మేమే. వారు ఒకదానిని చదివి, మడిచి, శ్రుతిపెట్టె క్రింద ఉంచి, వాయించుచున్న దానిని ముక్తాయించి సినిమాపాట మొదలుపెట్టిరి. చప్పట్లతో పందిరి అదిరినది. కచేరీ ముగిసి, వీణకు గవిసెన తొడుగుచు వారు మాతో, "దానికి చరణము కూడ ఉన్నదండీ" అనిరి. అంతకంటె ఏమియు అనలేదు. మేము తాంబూలము, శాలువ ఇచ్చి సాగనంపితిమి. ఆ చరణము ఎట్లుండునో మాకు నేటికిని తెలియదు.

ఈ వ్యాసమునకు ఆ రాత్రియే కారణము. కాని ఒక్క అనుభవముమీద వాదము నిలుపుట తగదు. కావున అందరును ఎరిగిన దృష్టాంతమునే తీసికొందము. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిరి. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి వద్ద విద్య నేర్చి, పసితనముననే కచేరీలు చేసి, 72 మేళకర్తలలోను కృతులు రచించిరి. అట్టి శుద్ధసంప్రదాయమున పెరిగినవారు ఆ మార్గముననే జీవితాంతము నడచినచో ఎవరికిని పేచీ ఉండెడిది కాదు. కాని వారు అట్లు కూర్చుండలేదు. గాత్రముతోపాటు ఫిడేలు, వయోలా, మృదంగము, కంజిర చేపట్టిరి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో సామాన్యజనము తెల్లవారుజామున విని పాడుకొనదగిన బాణీలలో పాడిరి. 1963లో "నర్తనశాల" చిత్రమునకు పాడిరి. 1965లో తమిళచిత్రము "తిరువిళైయాడల్"లో గర్విష్ఠియగు విద్వాంసుని పాత్రకు గొంతు నిచ్చిరి. 1967లో "భక్తప్రహ్లాద"లో తామే నారదవేషము కట్టిరి. భీంసేన్ జోషిగారితో జుగల్బందీ పాడిరి. రవీంద్రసంగీతమును రికార్డులకు ఇచ్చిరి. 1988లో దూరదర్శనము ప్రసారము చేసిన జాతీయసమైక్యతా గీతమున ఈ కోనసీమ గాయకుడు పాడినది తమిళభాగము.

ఇన్ని దారులు త్రొక్కినవానిని నిలుకడ లేనివాడనుట సులభము; అనిరి కూడ. శాస్త్రీయగాయకునకు ముఖమునకు రంగేల యనిరి. కచేరీలో చమత్కారము మితిమీరినదనిరి. ఆ మాటలన్నిటిని ఇక్కడ తిరిగి ఎత్తము. ఒక్క వివాదమును మాత్రము పరిశీలింతము. ఏలన అందు నిజమైన ప్రశ్న కలదు.

సంపూర్ణ, షాడవ, ఔడవములని రాగములకు ఏడు, ఆరు, ఐదు స్వరముల ఏర్పాటు పూర్వులనుండి వచ్చుచున్నది. బాలమురళిగారు ఆ మేరను దాటిరి. స, గ, ప, ని అను నాలుగు స్వరములతో మహతిని, స, రి, మ, ద అను నాలుగింటితో లవంగిని, స, మ, ప అను మూడింటితో సర్వశ్రీని కల్పించి పాడిరి. 1980వ దశకము మొదటిభాగమున వీణ ఎస్. బాలచందర్‌గారు దీనిపై ధ్వజమెత్తిరి. ఆరోహణావరోహణములు వ్రాసినంతమాత్రాన రాగము సృష్టి యగునా అన్నది వారి ఆక్షేపణలోని సారము. ప్రశ్న న్యాయమైనదని మేమును ఒప్పుకొందుము. స్వరముల వరుస వేరు, రాగస్వరూపము వేరు. గమకమును, సంచారమును, న్యాసమును, తరతరముల గాయకుల అనుభవమును కలిసినగాని రాగమునకు ముఖము ఏర్పడదు.

అయినను రెండు సంగతులు గమనింపదగును. మొదటిది: ఆ ప్రశ్నకు సమాధానము పాడి వినిపించుటయందే కలదు. నాలుగు స్వరములలో గంటసేపు విహరించి శ్రోతను నిలుపగలిగినచో రాగము నిలిచినట్లు; నిలుపలేనిచో పడిపోయినట్లు. 1975లో వచ్చిన తమిళచిత్రము "అపూర్వ రాగంగళ్"లో ఒక పాటకు మహతి ఆధారమైనది. అనగా ఆ రాగము దానిని కల్పించినవాని గొంతును దాటి వేరొక గొంతునకు పోయినది. రెండవది: ప్రశ్నించిన బాలచందర్‌గారు ఎవరు? గురుముఖమున గాక స్వయంకృషితో వీణ నేర్చినవారు. 1954లో పాటలు లేని తమిళచిత్రము "అంద నాళ్"ను తీసి అందరిని ఆశ్చర్యపరచినవారు. ఆ పిమ్మట సినిమా వదలి వీణకే అంకితమై తమదే యగు బాణిని ఏర్పరచుకొన్నవారు. దారి మార్చుటలో వారు ఎవరికిని తీసిపోరు! వారి జీవితమే వారి వాదమునకు ఒక సవరణ. ఇద్దరు విద్వాంసులు తగవులాడుకొన్నారు. అది విద్యావంతుల తగవు. మనము చేయునది అదియు కాదు. మనము వినుటకు ముందే చీటీ పంపుచున్నాము.

ఇక సంప్రదాయవాదులతో మాటలాడుదము. "త్యాగరాజాదులు నిర్మించిన మార్గము చెడును" అని వారి భయము. అయ్యా, ఆ నిర్మాతలు నడచిన మార్గమును ఒకసారి చూడుడు. త్యాగరాజస్వామి కృతులతో తృప్తిపడి ఊరకుండలేదు. భజనగోష్ఠికి తగిన దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనలు రచించిరి. "నౌకాచరిత్రము", "ప్రహ్లాదభక్తివిజయము" అను గేయనాటకములు రచించిరి. అంతకుముందు రచనలు కానరాని రాగములకు తమ కృతులతో రూపము కల్పించిరి. ముత్తుస్వామి దీక్షితులవారు మరియొక అడుగు ముందుకు వేసిరి. ఘనరాగములలో గంభీరకృతులు రచించిన ఆ మహనీయుడు తెల్లదొరల బ్యాండుమేళము వాయించు మెట్లను విని, వానికి సుమారు 40 సంస్కృతరచనలు కూర్చెను. అవియే నేడు పిల్లలకు నేర్పు నోట్టుస్వరములు. వానిలో ఒకటి బ్రిటిషు రాజగీతపు మెట్టులోనిది. ఆనాడు మనవంటి కార్యవర్గ మొకటి ఉండినచో, దీక్షితులవారికి చీటీ పంపి ఉండెడిదని మా నమ్మకము.

వాద్యముల సంగతి చూడుడు. ఫిడేలు మనది కాదు. దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దానిని నేర్చి మన సంగీతమునకు అలవరచెనని ప్రసిద్ధి. పక్కవాద్యముగా స్థిరపడిన ఆ ఫిడేలును వేదికనడుమకు తెచ్చి, 1938లో రాయవేలూరున దానితోనే కచేరీ నడపినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. వారు 1893లో జన్మించినది బెంగుళూరున, పెరిగినది విశాఖపట్టణమున. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ పట్టినప్పుడు, గమకము పలుకని వాద్యముపై కర్ణాటకసంగీతమా యని పెదవి విరిచినవారు కలరు. ఐదు తీగలకు దానిని దిద్దుకొని ఆయన వారి నోరు మూయించెను. "మాండొలిన్ శ్రీనివాస్" అని లోకము పిలిచినది. ఆయన అక్కడితో ఆగక 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి "డ్రీమ్" అను రికార్డును, పిమ్మట జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో కలిసి "రిమెంబర్ శక్తి" కచేరీలను చేసినప్పుడు, మునుపు ఆయన వాద్యమునే ఒప్పుకొననివారు ఇప్పుడు "శుద్ధకర్ణాటకము వదలినాడు" అని నొచ్చుకొనిరి. నిన్నటి అపచారము నేటి సంప్రదాయమగుట మన కన్నులయెదుటనే జరిగినది. 2014లో, 45 ఏండ్లకే ఆయన వెళ్లిపోయినప్పుడు కన్నీరు కార్చినవారిలో ఆ నొచ్చుకొన్నవారును ఉన్నారు.

ఇందు మరియొక చిక్కు కలదు. క్రొత్తదారియే కొన్నాళ్లకు సంకెలగును. కాకినాడవారు చిట్టిబాబుగారు ఈమని శంకరశాస్త్రిగారి శిష్యులు. వీణపై కోయిల కూతను పలికించి శ్రోతలను మురిపించిరి. అది సంప్రదాయకచేరీలో లేని సాహసము. కాని వారి పేరు చెప్పగానే నేటికిని మనలో పలువురకు కోయిలయే జ్ఞాపకము వచ్చును గాని, వారు సావధానముగా వాయించిన రాగాలాపన జ్ఞాపకము రాదు. తప్పు కోయిలది కాదు. ఒక్కదానిని పట్టుకొని తక్కిన విద్యనంతను మరచు మన చెవిది.

"ఇదంతయు ధనముకొరకు" అనువారు కలరు. సినిమావైపు పోయిన ప్రతి విద్వాంసునిపైనను ఈ నింద పడుచున్నది. విజయనగరమున సంగీతము అభ్యసించిన ఘంటసాలగారు సినిమాకు పోయినందువలన తెలుగువాని చెవికి శ్రుతిజ్ఞానము కలిగినదా, నశించినదా? శాస్త్రీయవేదిక తలుపులు తెరువబడని ఇండ్లకు రాగములను మోసికొనిపోయినది ఆ గొంతు కాదా? బాలమురళిగారు 1975నాటి కన్నడచిత్రము "హంసగీతె"కు జాతీయస్థాయిలో ఉత్తమగాయక పురస్కారమును, 1986నాటి "మధ్వాచార్య"కు ఉత్తమ సంగీతదర్శక పురస్కారమును పొందిరి. ఆ పాటలలో ఎక్కడ విద్య తగ్గినదో చూపుడు. పైగా విద్వాంసునకు ఇల్లు ఉండును, పిల్లలు ఉందురు. శాలువతో వంట కాదు. ఏటికి ఒకసారి శాలువ కప్పు మనము, ఆయన సంపాదనను లెక్కించుట ఏమి న్యాయము?

దారిమార్పులన్నియు గొప్పవని మేము అనము. అట్లనినచో మా వాదము మేమే చెరచుకొన్నట్లగును. కీర్తనను ముక్కలు చేసి, సాహిత్యమును అక్షరదోషములతో నమిలి, క్రింద యంత్రపు తాళము పరచి, దానికి "నవ్యత" అని పేరు పెట్టువారు మనకు తెలియనివారు కారు. అవి వినినాము, విసిగినాము. మా కొలబద్ద రెండు ప్రశ్నలలో ఇమిడి ఉన్నది. పాతదారిలో సంపాదించిన శ్రుతిశుద్ధి, లయశుద్ధి క్రొత్తదారికి వెంట వచ్చినవా? క్రొత్తదారిని ఆయన సాధన చేసి నేర్చెనా, లేక ఒక పూట ముచ్చటకు తొంగిచూచెనా? ఈ రెంటికిని సమాధానము తృప్తికరమైనచో, ఫలితము మనకు రుచింపకున్నను విద్వాంసుని గౌరవింపవలెను. తృప్తికరము కానిచో, నిర్మొగమాటముగా చెప్పవలెను. కాని వినిన పిమ్మట చెప్పవలెను. ఒక్క దారిలోనే జీవితమంతయు నడచి, లోతులు చూచిన వారియెడల మాకు గల భక్తి ఇందువలన రవ్వంతయు తగ్గదు. నిలిచినవాని నిలుకడ ఆయన ఇష్టము. కదలినవాని కదలిక ఆయన ఇష్టము. మన కోరికచేత నిలిచినవాడు మాత్రము బందీ.

ఇప్పుడు మనవైపు తిరుగుదము. ప్రవాసాంధ్రులకు ఈ పట్టుదల ఎక్కువగుటకు కారణము కలదు. దానిని మేము తేలికగా చూడము. మన తాతలు తెలుగునాడు విడిచి వచ్చి వందల ఏండ్లయినది. బడిలో వేరొక భాష, అంగడిలో వేరొక భాష. ఏటికి ఒకనాడు వేదికనుండి తెలిసిన తెలుగుపాట వినబడినప్పుడు అమ్మ గొంతు వినినట్లుండును. ఆ పాట మారినచో మనదేదో పోయినట్లు గుండె కలుక్కుమనును. ఇది నిజమైన బాధ. కాని మన జ్ఞాపకమును కాపాడు భారమును వచ్చిన విద్వాంసుని మెడకు కట్టుట తగునా? ఆయన మన పాతపెట్టె కాడు.

మరియొక మాట. మనము ఇండ్లలో మాటలాడు తెలుగు గోదావరితీరపు తెలుగువలె ఉన్నదా? మధురలోను, హోసూరులోను తమిళపు పలుకుబడి, కోలారులో కన్నడపు పలుకుబడి, గంజాములో ఒడియా పలుకుబడి దానిలో కలిసినవి. అక్కడివారు వచ్చి "ఇది తెలుగేనా?" అని నవ్వినప్పుడు మనకు ఎంత మండును! "నేల మారినది, నీరు మారినది, వేరు మారలేదు" అని వాదింతుము. ఆ వాదము న్యాయమైనదే. మనకు న్యాయమైనది విద్వాంసునకు ఏల న్యాయము కాదు? తంజావూరు నాయకరాజుల కాలమున తెలుగు యక్షగానము కావేరీతీరమున క్రొత్తరూపము దాల్చినది. మెలట్టూరు భాగవతమేళములో తమిళము మాటలాడు కుటుంబములవారు నేటికిని తెలుగునాటకములను ఆడుచున్నారు. ఒంగోలు ప్రాంతపు కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారు తంజావూరు నాగస్వరబాణిని సాధించి శ్రీరంగమున స్థిరపడిరి. వారు పుట్టిన ఊరి బాణిని వదలినారని మనము ఎన్నడైన నిందించితిమా? వారిని మనవారని గర్వముగా చెప్పుకొనుచున్నాము. దారి మార్చినవారి సంతతియే మనము. మార్పును ద్రోహమనుటకు మనకు నోరెట్లు వచ్చును?

కావున మా సంఘమునకు, సోదరసంఘములకు మూడు సూచనలు చేయుచున్నాము. విద్వాంసుని పిలుచునప్పుడు పాటల పట్టికను మనము పంపుట మానవలెను. కచేరీలో సగమైనను ఆయన ఇష్టమునకు విడువవలెను. ఆ సగము ముగియువరకు వేదికమీదికి చీటీ పోరాదు. కార్యదర్శి స్వయముగా తెచ్చినను పోరాదు. క్రొత్తరచన వినిపించినప్పుడు దానిని గూర్చి రెండు మాటలు చెప్పుటకు ఆయనకు సమయము ఇవ్వవలెను. తెలియని రాగమునకు పేరు తెలిసినచో వినువారి మనస్సు సగము స్థిమితపడును. తరువాతి సగమున మన కోరికలు కోరుకొందము. పాతపాట వినవలెనన్న ఆశ తప్పు కాదు. దానికి తన వంతు ఉన్నది.

ఇందువలన కొందరు సభ్యులు లేచిపోవచ్చును. చందా తగ్గునని కోశాధిపతిగారు భయపడవచ్చును. మేము ఆ పదవిలోను ఉన్నవారము గనుక ఆ భయము ఎరుగుదుము. కాని మన పిల్లలను తలచుకొనుడు. వారు ఉగాదిసభకు రారని ప్రతియేడును విచారించుచున్నాము. ఏటేట అవే పాటలు, అదే వరుస. వారు పుట్టకముందే మనము విని ముగించిన దానిని వారికి వడ్డించి, ఆకలి లేదని వారిని కోపపడుచున్నాము. ఒక విద్వాంసుడు వారి ఎదుట క్రొత్తదారిని వెదకుచు, తడబడుచు, చివరకు దొరకబుచ్చుకొనుట వారు చూచినచో, తెలుగుపాట ఇంకను జీవించి ఉన్నదని వారికి ఎవరును చెప్పనక్కరలేదు.

ఆ వైణికుడు ఇంకను కచేరీలు చేయుచున్నారు. వచ్చే ఉగాదికి వారిని మరల పిలువవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఆనాడు ఆగిన కృతిని మొదటినుండి చరణమువరకు వినిపింపుమని ముందుగానే మనవి చేయవలెను. అది మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. ముందువరుసలో కూర్చుండి పూర్తిగా వినుటకు మేము సిద్ధముగా ఉన్నాము.